పచ్చడి డబ్బాలో సార్ పెట్టిన కంప్యూటర్

సార్ పోయారని మంగళవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. నేను ఏడవలేదు. "మొన్న కూడా మాట్లాడాను కదరా" అని వాడితో పోట్లాడాను, ఏదో వాడే తప్పు చేసినట్టు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పాలిటెక్నిక్‌లో నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పారు. రిటైరయ్యాక సొంతూరు విడవలూరు వచ్చేశారు. మా తమ్ముడి రొయ్యల గుంటలు ఆ దగ్గర్లోనే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చిపోతాయి. ఒక పంట అలా పోయాక తమ్ముడు చాన్నాళ్లు మామూలు మనిషి కాలేదు. అప్పుడు సార్ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు తెచ్చి, నీళ్లలో సెన్సర్ వేసి, గట్టు మీది షెడ్డులో బిగించారు. ఉప్పుగాలి తగలకుండా దాన్ని ఖాళీ పచ్చడి డబ్బాలో పెట్టారు. ఎన్నిసార్లు కడిగినా ఆవపిండి వాసన పోలేదు. "తుప్పు పట్టేదానికంటే ఊరగాయ వాసన మేలు కదమ్మా" అనేవారు.

నెల్లూరులో మా ఇంట్లో కూర్చుని, నెట్ ద్వారా అందులోకి లాగిన్ అయి రీడింగులు చూడడం నా పని. వాళ్లింటి నుంచి సార్ కూడా చూసేవారు. ఒక మధ్యాహ్నం నేనో ఘనకార్యం చేశాను. నా కంప్యూటర్ ఆపబోయి, చూసుకోకుండా, నా స్క్రీన్ మీదే తెరిచి ఉన్న గుంట దగ్గరి బోర్డు విండోలో ఆపే కమాండ్ కొట్టాను. అది బుద్ధిగా ఆగిపోయింది. దూరం నుంచి ఆపగలం గానీ మళ్లీ లేపలేం. తమ్ముడేమో రొయ్యల మేత కోసం కావలి టౌనుకు వెళ్లాడు. సార్‌కు ఫోన్ చేస్తే, ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లి ప్లగ్గు పీకి పెట్టి వచ్చారు.

"తిట్టండి సార్" అన్నాను.

"తిడితే అది లేస్తాదా? నువ్వు నెల్లూరులో ఉండావు, సరే. నీ చేతులు యాడుండాయో చూసుకోని కొట్టమ్మా."

ఆ సాయంత్రమే ఆ విండోలో అక్షరాలన్నిటినీ ఉడికించిన రొయ్య రంగులోకి మార్చేశారు. మళ్లీ నేను పొరబడలేదు. నా తప్పులకు ముఖం మాడ్చుకున్న పెద్ద పెద్ద ఇంజినీర్లను చూశాను. సార్ మాత్రం ఆ తప్పు మళ్లీ జరగకుండా ఏర్పాటు చేసి, ఇక దాని ఊసెత్తేవారు కాదు. ఆ మర్యాదకు నేను ఆయనకు కృతజ్ఞత చెప్పనేలేదు. అదే బాధగా ఉంది.

ఆయన పోయిన ఐదో రోజు సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు.

"అక్కా, పొద్దున్నుంచీ రీడింగు మారలా. ఒకటే మబ్బు. నాకు భయంగా ఉండాది. ఏం జేసేది?"

మబ్బు పట్టిన రోజున ఆక్సిజన్ పడిపోతుంది. వెంటనే లాగిన్ అయ్యాను. ప్రోగ్రాం బిగుసుకుపోయింది. ఏం చేసినా కదల్లేదు. బోర్డు రీస్టార్ట్ చేయాల్సిందే; పూర్తిగా ఆపినట్టు కాదు, అలా అయితే ఆగి తనంతట తానే లేస్తుంది. చేసేముందు, బోర్డులోకి ఇంకెవరైనా లాగిన్ అయి ఉన్నారేమో చూశాను. ఇద్దరం ఉన్నాం. నేనూ, సారూ. సోమవారం సాయంత్రం వాళ్లింటి నుంచి అయిన లాగిన్ అది. ఆయన కంప్యూటర్ ఎవరూ ఆపలేదు.

రీస్టార్ట్ చేస్తే ఆ పేరు పోతుంది.

"అక్కా, ఉండావా?"

సార్ పేరు మరోసారి చదివాను. కమాండ్ కొట్టాను.

బోర్డు లేచింది. ఆక్సిజన్ బాగా తగ్గి ఉంది. తమ్ముడు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేశాడు. నీళ్లు చిమ్మే చప్పుడు ఫోన్‌లో వినిపించింది. లోపల ఎవరున్నారని ఇంకోసారి చూశాను.

ఒక్క పేరే ఉంది. నాది.