మెరుపుగారి స్విచ్చు

మెరుపుగారంటే చురుకైన మనిషని పొరబడకండి. కుర్చీలోంచి లేవాలంటే ఆయనకు రెండు ఆవులింతలు కావాలి. పరికరాల పరీక్షల శాలలో స్విచ్చులు చూసే ఉద్యోగం కాబట్టి తోటివాళ్ళు ఆ పేరు తగిలించారు. గోడ మీది లైటు స్విచ్చులు కావవి. గ్యాసు నింపిన డబ్బాల్లో ఎదురెదురుగా నిలబడే ఇత్తడి గుండ్లు. కూడబెట్టిన కరెంటు ఆ డబ్బాలన్నిట్లో ఒక్కసారే దూకితే, అవతలి గదిలో రెప్పపాటు కూడా ఉండని ఎక్స్-రే మెరుపు పుడుతుంది. ఉపగ్రహాల్లో ఆకాశంలో తిరగబోయే సర్క్యూట్ బోర్డులు ఆ దెబ్బకు తట్టుకుంటాయో లేదో చూడడమే అక్కడి పని.

"నా స్విచ్చు ఇంతవరకూ తప్పింది లేదు" అన్నది ఆయన పలకరింపు. బాగున్నారా అని అడిగినా అదే జవాబు. భార్య వినీ వినీ చెవుల్లో దూది పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ రోజు బోర్డు తెచ్చింది స్వయానా ఆమె తమ్ముడు.

"బావా, మొహమాటపడకుండా గట్టిగా కొట్టించు. చస్తే ఇక్కడే చావనీ, మళ్ళీ చేసుకుంటాను. పైకెళ్ళాక చచ్చిందంటే నా ఉద్యోగం కూడా గోవిందా" అన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అంటూ మెరుపుగారు తన ఘనకార్యాలు ఎత్తుకున్నారు. ఒక చెయ్యి గ్యాసు కుళాయి మీద, రెండోది గాల్లో. బామ్మర్ది బుద్ధిగా తలూపుతున్నాడు. అలాంటి శ్రోత దొరికితే గ్యాసు మీటరు ఎవరు చూస్తారు? ఒక డబ్బా సగం నిండగానే కుళాయి కట్టేశారు.

అందరూ బయటికొచ్చి తలుపు బిగించారు. ఢామ్మని మోగింది. బోర్డు చూస్తే చెక్కుచెదరలేదు. బామ్మర్ది బావను వాటేసుకుని, ఆ శుభవార్త తన ఆఫీసుకు చెప్పడానికి ఫోనుతో బయటికి పరిగెత్తాడు.

ఇంతలో బోర్డు పక్కన పెట్టిన ఫిల్మును కడిగి తెచ్చారు. ఎక్స్-రే తగిలితే నల్లబడాల్సిన ఫిల్ము తేటగా ఉంది. మెరుపుగారు గబగబా వెళ్ళి మీటరు చూశారు. గ్యాసు చాలక ఆ ఒక్క స్విచ్చులో కరెంటు మిగతావాటికంటే ముందే దూకేసింది. చప్పుడుకు లోటు రాలేదు గానీ మెరుపు పుట్టనే లేదు.

ఆయనా మనిషే. "సార్, నా స్విచ్చు తప్పినట్టుంది. మళ్ళీ చేద్దాం" అని నోరు తెరిచి అన్నారు.

పరీక్షలు జరిపించే ఆఫీసరు పకపకా నవ్వారు. "మీ స్విచ్చు తప్పడమా! ఫిల్మే చెడిపోయుంటుంది లెండి."

వేలెత్తి మీటరు చూపిస్తే సరిపోయేది. వేలు లేచింది కూడా. కానీ ఆ పొగడ్త చెవికి ఎంత ఇంపుగా ఉందో! లేచిన చెయ్యి వెళ్ళి కుళాయి తిప్పింది. మీటరు ముల్లు ఏమీ ఎరగనట్టు పైకెక్కింది. మళ్ళీ పరీక్ష మాట ఇంకెవరూ ఎత్తలేదు. చూసేవాళ్ళకు ఒళ్ళు మండదూ మరి?

ఇల్లు చేరేసరికి ఫిల్ము చెడిపోయిందన్నది ఆయన సొంత అభిప్రాయమైపోయింది. భోజనాల దగ్గర భార్యకు సాంతం వివరించారు. ఆమె మొదటిసారిగా వడ్డన ఆపి మరీ విన్నది.

"మీ గొప్పలు నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం నిజం చెప్పండి. వాడి బోర్డుకు ఏ భయమూ లేదు కదా?"

మెరుపుగారు నోట్లో ముద్ద మింగారు.

"ఢోకా లేదు. నాదీ పూచీ" అన్నారు.

ఆమె చెయ్యి కడుక్కుని, తమ్ముడికి ఫోను చేసి ఆ మాటే చెప్పింది.