అవెయిరో డ్యూకు, మా ఇంటి నీరుగంటి

పోర్చుగల్ దేశంలో అవెయిరో డ్యూకు అని ఒక పదవి ఉండేది. తోటపల్లి గూడూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పుకునే నాకు దాంతో ఏం పని అంటారా? ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రభు వంశాల మీద పిల్లలకి బొమ్మల పుస్తకం వేస్తున్నామని, ఇంగ్లీషులో ఉన్న అధ్యాయాలు కొన్ని తెలుగు చేసి పెట్టమని ఒక ప్రచురణ వాళ్లు అడిగారు. పుస్తకంలో నా పేరు వేస్తామన్నారు. తల నెరిసినా అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ చావలేదు నాకు. సరేనన్నాను.

మా ఇంటికీ ఒక పదవి ఉండేది. మమ్మల్ని నీరుగంటోళ్లు అంటారు. కాలవ నీళ్లు ఏ కయ్యకి, అంటే ఏ వరి మడికి, ఎప్పుడు పారాలి, ఎంతసేపు పారాలి అని చూసి తూము ఎత్తే పని మా తాతల నాటి నుంచీ మాదే. నాన్న పోయాక అన్నకి వచ్చింది. నేను చదువుకున్నాను కాబట్టి నాకు రాలేదు. చదువుకున్నవాడు బురదలో నిలబడడని మా వాళ్ల నమ్మకం. అది నిజమే అని తర్వాత తేలింది.

మా ఊరు మైపాడు వైపు, కాలవ ఆఖర్న ఉంటుంది. పెన్న నీళ్లు మా దాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రాని రోజుల్లో, పై పొలాల నుంచి దిగిన నీళ్లు పారే మురుగు కాలవే దిక్కు. ఆ కాలవ పోయి సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు దాంట్లో ఎదురెక్కుతాయి. అది చాలదన్నట్టు రెండు గట్ల మీదా రొయ్యల గుంటలు. రొయ్యలు పట్టేశాక ఆ గుంటల్లోని ఉప్పునీళ్లు కూడా అదే కాలవలోకి వదులుతారు. అందుకని మా దగ్గర నీరుగంటికి ఇంకెక్కడా లేని పని ఒకటుంది. తూము ఎత్తే ముందు దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకోవాలి. కాసేపు పుక్కిట పట్టి, రైతులందరూ చూస్తుండగా ఉమ్మాలి. తల ఊపితే తూము లేస్తుంది. అడ్డంగా తిప్పితే ఎంతటి మోతుబరి అయినా నోరు మూసుకుని ఇంటికి పోవాల్సిందే. రెండు చినుకులు పడ్డాక ఉప్పు ఎంత తగ్గింది, నాటి ఎన్ని రోజులైన పైరు ఎంత ఉప్పు తట్టుకుంటుంది, అన్నీ మా అన్న నాలుక మీదే ఉండేవి.

కరోనా వచ్చిన రెండో ఏడు ఆ నాలుక పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, రుచి మాత్రం తిరిగి రాలేదు. నెల రోజుల తర్వాత తూము గోడ మీద కూర్చుని నాకొక్కడికే చెప్పాడు. చేపల పులుసు తిన్నా గంజి తాగినా ఒకటేగా ఉందన్నాడు. కాలవ నీళ్లు పుక్కిట పట్టి చూశాడట, నోట్లో ఏదో తడి ఉందని తప్ప ఏమీ తెలియలేదట. మా వదినకి కూడా చెప్పలేదు.

రొయ్యల వాళ్లు ఉప్పు చూసుకునే గొట్టం ఒకటుంటుంది, అది కొనుక్కుందాం అన్నాను. ఒక బొట్టు వేసి కంటి దగ్గర పెట్టుకుంటే అంకె కనిపిస్తుంది. అన్న నా వైపు ఎంత కోపంగా చూశాడో! ఆ గొట్టం పట్టుకుని నిలబడితే ఇక నీరుగంటి ఎందుకు, ఎవడైనా పట్టుకోవచ్చు గదా అన్నాడు. అదీ నిజమే.

అప్పుడు మేమిద్దరం కలిసి ఒక దొంగ ఏర్పాటు చేసుకున్నాం. మురుగు నీళ్లు పెట్టాల్సిన రోజుల్లో, రైతులు రాకముందే నేను బండి మీద తూము దగ్గరికి పోవాలి. నీళ్లు నోట్లో పోసుకుని చూసి అన్నకి చెప్పి వచ్చేయాలి. తర్వాత రైతులొస్తారు. వాళ్ల ముందు అన్న పుక్కిట పట్టి, ఉమ్మి, నేను చెప్పిన మాటే తలతో చెబుతాడు. నాదీ నీరుగంటోళ్ల నాలుకే కదా, మొదట్లో తడబడినా పట్టుబడింది. అట్లా రెండు పంటలు గట్టెక్కాం. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా జ్వరం వచ్చినాక నీరుగంటి నాలుక ఇంకా పదునెక్కినాదని ఊళ్లో మెచ్చుకున్నారు. అన్న అది విని తల దించుకున్నాడు. నేను మాత్రం బండి తోలుకుంటూ దారంతా నవ్వుకున్నాను, బుద్ధి లేక.

ఆ పొద్దుటి పూటల్లోనే డ్యూకు కథ అన్నకి చెబుతూ ఉండేవాడిని. అయిదు వందల ఏళ్ల కిందట పోర్చుగల్ రాజు ఒకాయనకి పెళ్లి కాని సంబంధంలో కొడుకు పుట్టాడు. ఆ కొడుకు కొడుక్కి ఈ అవెయిరో పదవి కట్టబెట్టారు. రాజు రక్తం కాబట్టి రాజు తర్వాత మేమే అని వాళ్ల ధీమా. కొడుకులు లేని తరాల్లో పదవి ఎవరికి రావాలని ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. ఒక డ్యూకు అయితే స్పెయిన్ రాజు వైపు పోయి ఉన్నది పోగొట్టుకున్నాడు. అన్నకి ఈ తగాదాలు బాగా నచ్చేవి. ఎంత పెద్దోళ్లయినా అన్నదమ్ముల గొడవలు మన మాదిరే గదరా అనేవాడు.

చివరి డ్యూకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్న నవ్వలేదు. రాజు ఒక రాత్రి బండిలో వస్తుంటే ఎవరో తుపాకులు కాల్చారు. రాజు బతికాడు. నేరం డ్యూకు మీదా, ఆయన చుట్టాల మీదా పడింది. చిత్రహింస పెట్టి ఒప్పుకోలు రాబట్టారు. దాంట్లో నిజమెంతో ఈనాటికీ చరిత్రకారులు తన్నుకుంటూనే ఉన్నారు. నడి మైదానంలో ఎముకలు విరగ్గొట్టి, కాల్చి, బూడిద నీళ్లలో కలిపేశారు. పదవి రద్దు. వంశం గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడ చెరిపేశారు. మేడని నేలమట్టం చేసి, ఇక్కడ ఇంకేదీ మొలవకూడదని ఆ నేల మీద ఉప్పు చల్లారు. ఈ చోట ఎన్నటికీ ఎవరూ ఇల్లు కట్టకూడదని ఒక రాతి స్తంభం మీద చెక్కించి పాతారు. ఆ స్తంభం లిస్బన్‌లో ఒక సందులో ఇంకా ఉంది.

కొడుకు సంగతేంది అని అడిగాడు అన్న. కుర్రవాణ్ణి జైల్లో వేశారనీ, పద్దెనిమిదేళ్లు పోయాక వదిలారనీ, పదవి మాత్రం ఇవ్వలేదనీ చెప్పాను. వాడేం చేసినాడు పాపం, అన్నాడు. తర్వాత ఉప్పు మీదికి పోయింది మాట. చల్లిన ఉప్పు రెండు వానలకి కొట్టుకుపోతుందట. కయ్యలో నిలిచిన ఉప్పునీళ్లే నేలని పట్టుకుని వదలవట. ఆ రాజుకి ఎవరూ చెప్పలేదు కాబోలు అన్నాడు.

మూడో పంటలో నాట్లు వేసి వారం కాకముందే కాలవ నీళ్లు ఆగిపోయాయి. రెండు రోజులు మురుగు నీళ్లు బాగానే ఉన్నాయని నేనే చూసి చెప్పాను. మూడో పొద్దున నాలుగున్నరకే లేచాను. పుస్తకం వాళ్లు తొందరపెడుతున్నారు, డ్యూకు మరణశిక్ష పేజీలు మిగిలి ఉన్నాయి. పిల్లలు చదివేదాంట్లో ఆ ఘోరాన్ని ఎంతవరకు చెప్పాలి అని తేల్చుకోలేక, రాసి కొట్టేసి, మళ్లీ రాసి కూర్చున్నాను. ఇంకొక్క పేరా, ఇంకొక్క పేరా. నిన్న బాగున్న నీళ్లు ఇవాళ బాగుండవా అని కూడా అనుకున్నాను. ఫోను మోగకుండా నేనే చేసి పెట్టుకున్నాను. తల ఎత్తేసరికి ఎండ కిటికీలో నుంచి బల్ల మీదికి వచ్చేసింది. అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు.

నేను పోయేసరికి తూము ఎత్తేసి ఉంది. అన్న నా వైపు చూడలేదు. ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రైతులు వచ్చేశారు. పైరు ఎండుతోందని వాళ్లు గోల చేస్తున్నారు. నా కోసం చూసి చూసి, ఇక తప్పక అన్న దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. పుక్కిట పట్టాడు. ఉమ్మాడు. తల ఊపాడు.

నేను పక్కకి పోయి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. సముద్రపు నీళ్లంత ఉప్పు. ఆ రాత్రే పైన ఎవరో గుంట ఖాళీ చేసి ఉంటారు. తూము పలక దించేయమని సైగ చేశాను, అన్న దించాడు. కానీ అప్పటికే గంటన్నర పారింది. ఆ వారంలో వాన కూడా పడలేదు. ఆరో రోజుకి ఆకుల కొసలు మాడాయి. పదో రోజుకి తూము కింద పైరంతా తెల్లబడి కూలిపోయింది.

వడ్ల గోడౌను ముందు రేకుల షెడ్డు కింద ఊరంతా కూర్చుంది. గుంటల వాళ్ల దగ్గర నీరుగంటి చెయ్యి తడుపుకున్నాడని అప్పటికే పుట్టించారు. కయ్యలు పాడైతే చవగ్గా గుంటలకి లీజుకి తీసుకోవచ్చు గదా, అందుకే చేయించారట. నిప్పు లేందే పొగ రాదంటూ తలా ఒక మాట. నేను వెనక వరసలో, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఊరి పెద్దకాపు, నాన్నతో కలిసి తిరిగిన మనిషి, అన్నని ముందుకి పిలిచాడు.

"నీళ్లు నోట్లో పోసుకున్నావా, లేదా?"

"పోసుకున్నా."

"ఉప్పు తెలిసినాదా?"

తెలియలేదు అంటే రెండేళ్లుగా నాలుక లేకుండానే ఊరిని మోసం చేశానని చెప్పాలి. మరి అన్నాళ్లూ ఎవరు చూశారని అడుగుతారు. నా పేరు వస్తుంది. బడి పిల్లలకి నీతులు చెప్పే నా పేరు. అన్న వెనక వరసలోకి ఒక్కసారి చూశాడు. నన్ను చూశాడు. తల కాస్త అడ్డంగా కదిలించాడు, చెప్పబాకు అన్నట్టు. తర్వాత పెద్దకాపు వైపు తిరిగాడు.

"తెలిసినాది," అన్నాడు.

షెడ్డు గొల్లుమంది. ఎవడో చెప్పు విసిరాడు. నేను నోరు తెరవలేదు. తెరవాలని నాలుగడుగులు వేశాననీ, ఎవరో అడ్డం వచ్చారనీ మా ఆవిడతో చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్క అడుగు కూడా వేయలేదు. అన్న వద్దన్నాడు గదా అని ఆ సైగని పట్టుకుని వేలాడాను. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

తూము తిప్పే ఇనప పిడి అన్న చేతిలో నుంచి తీసుకున్నారు. ఇక మీదట ఆ ఇంటి వాళ్లెవరూ, ఎన్ని తరాలైనా, తూము మీద చెయ్యి వేయకూడదని తీర్మానం రాసి వేలిముద్రలు వేశారు. మా వదిన వీధి కొళాయికి పోవడం మానేసింది. అక్కడ బిందెలు పక్కకి జరుపుకునేవాళ్లట. డ్యూకు అధ్యాయం మాత్రం అచ్చయింది, రంగుల బొమ్మతో సహా. నా పేరు ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఒక కాపీ వచ్చింది. దాన్ని అన్నకి చూపించలేదు.

చచ్చిపోయిన కయ్యలు మరుసటి ఏడాదికే రొయ్యల గుంటలయ్యాయి. అన్నకి ఇంకెవరూ పని ఇవ్వలేదు. చివరికి ఆ గుంటల వాళ్లే కాపలాకి పెట్టుకున్నారు. ఇంకేం కావాలి ఊరికి! చూశారా, మేం చెప్పలేదా అన్నారు. గట్టు మీద తాటాకు పాకలో ఉంటాడు అన్న. పొద్దునా సాయంత్రం ఆ గొట్టంలో ఒక బొట్టు వేసి, అంకె చూసి, నోటుబుక్కులో రాస్తాడు.

రెండేళ్లు గడిచాక, మొన్న వేసవిలో, ఇక ఆగలేకపోయాను. పెద్దకాపు ఇంటికి పోయి మొత్తం చెప్పేశాను. జ్వరం, నాలుక, పొద్దుటి పూట నా దొంగ రుచులు, ఆ రోజు నేను పోకపోవడం, ఏదీ దాచలేదు. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. కళ్లు సరిగ్గా కనపడవు ఆయనకి ఇప్పుడు. నేను ఆపాక కాసేపు మీసం నిమురుకున్నాడు.

"అన్న కోసం బాగానే అల్లుకొచ్చినావు అయ్యోరూ," అన్నాడు. "ఇదే నిజమైతే ఆ పొద్దే చెప్పుండేవాడివి గదా. నువ్వు ఆడే నిలబడి ఉండావు. నేను చూసినా."

లేచి వచ్చేశాను. బండి తిన్నగా గుంటల మీదికే పోయింది. అన్న వల సరిచేసుకుంటున్నాడు. పెద్దకాపుకి చెప్పేశాను అన్నాను. అన్న చేతులు ఆగిపోయాయి. మొహంలో రక్తం లేదు. షెడ్డు కింద అంతమంది మధ్య కూడా ఆ మొహం అట్లా కాలేదు.

"నాలుక సంగతి కూడానా?"

అవునన్నాను.

"నమ్మినాడా?"

లేదన్నాను. నీ కోసం అల్లిన కథ అన్నాడని చెప్పాను. అన్న గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"బతికించినావురా," అన్నాడు. "దొంగ అంటే అననీ. నీరుగంటి నాలుక ఉన్నోడే దొంగతనం చేసినాడని అంటా ఉండారు. దాన్ని గూడా పోగొట్టబాకు."