రోడ్డు దాటని తీగ

మా ఆయన చేసిన గాలిమర గాలి చాలక మూలన పడిందని తెనాలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ అది తిరుగుతుండగా చూసినవాళ్ళు కారు. నేను చూశాను. రేపల్లె అవతల మా అత్తగారింటి పెరట్లో దండెం మీద ఆరేసిన దుప్పట్లు పక్కింట్లో తేలేవి. గాలికేం లోటు ఆ ఊళ్ళో?

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఆయనకి తెనాలిలో లేతు వర్క్‌షాపు ఉండేది. ఆయన చెల్లెలు, అంటే నా ఆడబిడ్డ, భర్త పోయాక పుట్టింటికొచ్చి, ఇంటికెదురుగా రోడ్డవతల చిన్న రొయ్యల చెరువు కౌలుకు తీసుకుంది. తెల్లవారుజామున చెరువులో రొయ్యకి ఊపిరి చాలదు. చక్రాలు తిప్పి నీళ్ళు చిలుకుతూ ఉండాలి. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. డీజిలు ఇంజను కొనే తాహతు లేదు. అందుకని మా ఆయన చెల్లెలి కోసం పాత లారీ డైనమోకి టేకు రెక్కలు బిగించి గాలిమర చేసిచ్చారు. చెరువు గట్టు మీద పాతనివ్వనని భూమి ఆసామి అన్నాడు. పెరట్లోనే నిలబెట్టి, కింద నాలుగు బ్యాటరీలు పెట్టి, తీగని రోడ్డు మీదుగా చెరువు దాకా లాగారు. ఒక పంట చేతికొచ్చింది. ఆ రొయ్యలు నేనే వండాను.

రెండో పంట వేశాక లైన్‌మన్ వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ తీగ తీసెయ్యాలండి. పైనుంచి చెప్పారు."

"ఏంటి, మీ కరెంటు దొంగిలించామా? మీ స్తంభం జోలికే రాలేదుగా!" అన్నాను.

"దొంగతనం అన్లేదక్కా. లైసెన్సు లేకుండా వేరేవాళ్ళకి కరెంటివ్వకూడదంట. రోడ్డు దాటించకూడదంట. రాష్ట్రం చట్టం."

"అన్న చెల్లెలికిస్తే వేరేవాళ్ళెవరయ్యా?"

"ఇల్లు మీ ఆయన పేర, చెరువు ఈవిడ పేర కదండి."

ఆడబిడ్డ మెల్లగా అడిగింది. "పోనీ, బ్యాటరీలే మోసుకుపోతేనో?"

అతను తల గోక్కున్నాడు. "మోసుకుంటే తప్పేం లేదమ్మా. తీగే కూడదు."

"మీ చట్టానికి తీగ కనపడుద్దిగానీ ఆడదాని నడుం కనపడదా?" అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డిగ్రీ చదివానని నన్నే ఆఫీసులకి తరిమారు. తెనాలి కరెంటాఫీసులో సారు, "అనుమతి తెచ్చుకుంటే మాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నాడు. ఎవరిస్తారంటే బాపట్ల వెళ్ళమన్నాడు. బాపట్లలో ఆయన కూడా అనుమతుంటే సరేనంటూ హైదరాబాదు వైపు చెయ్యి చూపించాడు.

"హైదరాబాదులో ఎవరండి?"

"పెద్ద కంపెనీలకైతే పద్ధతుందమ్మా. ఇలాంటి పెరటి వ్యవహారాలకి... చూడాలి."

"మీరు చూసేలోపు రొయ్యలు చస్తాయండి."

"రొయ్యలు మా శాఖ కాదమ్మా. చేపలవాళ్ళనడగండి."

మా ఆయన తాను లాగిన తీగని తానే చుట్టచుట్టి వర్క్‌షాపులో మేకుకి తగిలించారు. అప్పటినుంచి ఆడబిడ్డ రోజూ సాయంత్రం బ్యాటరీలని తోపుడు బండి మీద చెరువుకి తోలడం, పొద్దున్నే వెనక్కి తేవడం. రేపల్లె బస్సు ఆగి దారిచ్చేది. "ఏంటి పిన్నీ, కరెంటుని షికారు తిప్పుతున్నావా?" అని కండక్టరు అరిచేవాడు. "టికెట్టు కొట్టు మరి, నలుగురున్నారు!" అని తనూ అరిచేది.

రొయ్యలు పట్టుబడికొచ్చే రోజుల్లో ముసురు పట్టింది. ఓ సాయంత్రం రోడ్డు వార బురదలో బండి ఒరిగిపోయింది. బ్యాటరీలు పగిలి యాసిడ్ ఆమె పాదాల మీద పడింది. ఇరుగుపొరుగు ఆమెని రేపల్లె ఆస్పత్రికి తీసుకుపోయారు. చెరువు దగ్గర ఎవరూ లేరు. తెల్లవారుజామున ఎప్పటిలాగే కరెంటు పోయింది.

కబురంది మేము మొదటి బస్సుకి వెళ్ళేసరికి చచ్చిన రొయ్యలు గట్టు పొడవునా ఒడ్డుకి చేరి ఉన్నాయి. కాకుల గోల. ఇవతల పెరట్లో గాలిమర హోరున తిరుగుతూనే ఉంది. మా ఆయన దాన్ని చూసి, రెక్కలు విప్పడానికి నిచ్చెన అడిగారు.

ఆడబిడ్డ చెరువు వదిలేసింది. ఇప్పుడు రోజుకూలికి షెడ్డులో ఎవరివో రొయ్యలు ఒలుస్తోంది. కుడి కాలికి ఈనాటికీ చెప్పు తొడగలేదు.

గాలి చాల్లేదన్న కథ ఎవరు పుట్టించారో చెప్పనేలేదు కదూ. మా ఆయనే.

"ఎందుకండీ ఆ అబద్ధం?" అని నిలదీశాను.

"చట్టం అంటే ప్రతివాడితో వాదించాలి. గాలి అంటే ఎవరూ ఇంకోమాట అడగరు."

ఆయనకి వాదన చేతకాదు. నాకు వేరే పని చేతకాదు. అనుమతి ఉంటే తీగ లాగొచ్చని రెండు ఊళ్ళలో ఇద్దరు ఆఫీసర్లు నా మొహం మీదే చెప్పారు కదా. ఆ అనుమతి ఇవ్వగలిగిన మనిషి ఏ కుర్చీలో ఉండేవాడు? అసలు అలాంటి కుర్చీ ఒకటి వేశారా, లేదా?