చేపల డబ్బా నూనె, అత్తమ్మ పప్పు

ఈస్టర్ ముందు వచ్చే శ్రమ దినాల్లో మా అత్తమ్మ మాంసం, చేపలు ముట్టదు. మాకు ఆ నియమం లేదు. పొద్దున ట్యూనా చేపల డబ్బా తెరిచి పిల్లలకు శాండ్‌విచ్‌లు చేశాను. డబ్బాలో మిగిలిన నూనె పారబొయ్యడానికి మనసొప్పక, చిన్న స్టీలు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి ఆ గిన్నె కడిగి బోర్లించి ఉంది. అప్పడాలు వేయించిన నూనె అనుకుని, అత్తమ్మ దానితోనే పప్పుకు పోపు పెట్టేసింది. రెండోసారి వడ్డించుకుంటూ, "ప్రార్థన చేసుకుంట వండిన. గందుకే గింత రుచొచ్చింది," అంది.

చెప్పకుండా ఉండలేకపోయాను.

"అత్తమ్మా, అది చేపల డబ్బాల నూనె."

ముద్ద చేతిలోనే ఆగింది. కాసేపు పప్పు వైపు చూసింది.

"చేపలెవరు తిన్నరు?"

"పిల్లలు."

"మరి నేను తిన్నది పప్పే గద," అని ముద్ద నోట్లో పెట్టుకుంది. "రేపు ఇంకో డబ్బా తే. చేపలు మీరు తినుండ్రి."

ఈస్టర్‌కు ఇంకా మూడు వారాలున్నాయి. ట్యూనాతో రోజుకో రకం ఏం చేయొచ్చో తెలిసినవాళ్ళు చెప్పండి. నూనె గురించి మాత్రం సలహాలు అక్కర్లేదు.