వాలులో చూసిన ఆయిల్

మా కారుకు ఆయిల్ మార్చడం ఇద్దరు కలిసి చేసే పని. ఒకరు బానెట్ దగ్గర, ఒకరు స్టీరింగు దగ్గర. కొత్త ఆయిల్ పోశాక ఇంజను కాసేపు తిప్పాలి. అప్పుడు కొత్త ఫిల్టరు తన వాటా పీల్చుకుంటుంది. తర్వాత ఇంజను ఆపి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగేదాకా పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే గేజి తీసి చూడాలి. గేజి అంటే సన్నటి ఇనుప బద్ద, దాని చివర రెండు గీతలుంటాయి. ఆయిల్ కింది గీతకు తగ్గకూడదు, పై గీత దాటకూడదు. తక్కువైతే ఇంజను అరిగిపోతుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే లోపల తిరిగే షాఫ్టు దాన్ని మజ్జిగలా చిలుకుతుంది, నురగ లేస్తుంది, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు కారతాయి. ఇది చాలామందికి పట్టదు. ఇంకాస్త పోస్తే మంచిదే కదా అనుకుంటారు.

స్టీరింగు దగ్గర మా ఆవిడ కూర్చునేది.

"ఆపనా?"

"ఉండు."

"ఇప్పుడు?"

"ఆపు."

ఆ పది నిమిషాలూ నేనూ వెళ్లి పక్కసీట్లో కూర్చునేవాణ్ణి. ఇంట్లో కుదరని మాటలు అక్కడ కుదిరేవి. మా అమ్మ ఆరోగ్యం, అమ్మాయి హాస్టలు, చర్చిలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఇవన్నీ. ఒకసారి మాటల్లో పడి గంట దాటిపోయింది. "ఆయిల్ దిగి దిగి రోడ్డు మీదికి వచ్చేసుంటుంది, చూడండి" అంది.

ఆమె నర్సు. నాలుగేళ్లుగా కువైట్‌లో ఉంది. రెండేళ్లకో కాంట్రాక్టు. రెండోది ఈ వేసవితో అయిపోతుంది, మూడోదానికి ఉంటుందో లేదో వారంలోపు ఆసుపత్రిలో చెప్పాల్సి వచ్చింది. "మీరేమంటారు?" అని ఫోన్లో అడిగింది. "లెక్క చూసి చెప్తాను" అన్నాను.

నేనేదైనా లెక్క చూసే చెప్తాను. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీలు తూచే కాటా మీద పని చేస్తాను. చదివింది పదో తరగతి, లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. చేపల లారీ వచ్చి నిలబడితే, దారిలో ఐసు ఎంత కరిగి కారిందో సుమారుగా చెప్పగలను. కానీ ఈ లెక్క తెగలేదు. అమ్మాయి చదువు ఇంకా రెండేళ్లుంది, అది ఒక పక్క. రెండో పక్క వెయ్యడానికి నా దగ్గర అంకె లేదు. సాయంత్రం కాటా నుంచి వచ్చి గేటు తీస్తే ఇల్లు ఎలా ఉంటుందో, దాన్ని ఏ కొలతలో వెయ్యాలి?

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆటోనగర్‌లో కొన్న ఆయిల్ డబ్బా, ఫిల్టరు బయటికి తీశాను. వాన నీళ్లు లోపలికి వస్తున్నాయని నిరుడు వాకిలి ఎత్తు చేయించి, గేటు నుంచి సిమెంటు ర్యాంపు పోయించాను. ఇప్పుడు కారు దాని మీదే ఉంటుంది, ముక్కు ఇంటివైపు పెట్టుకుని. కింద దూరి బోల్టు విప్పి పాత ఆయిల్ దించాను. కొలిస్తే రెండు లీటర్ల ఆరు వందల మిల్లీలు. కారుతో ఇచ్చిన పుస్తకం ప్రకారం మూడు లీటర్ల వంద రావాలి. మిగతాది ఏడాదిలో ఇంజను తాగేసిందనుకున్నాను. ఫిల్టరు మార్చి, బోల్టు బిగించి, కొత్తది మూడు లీటర్ల వంద కొలిచి పోశాను.

పక్కింటి ఆటో ఆయన గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏం మాస్టారూ, రక్తం ఎక్కిస్తున్నారా?"

"ఎక్కించడం అయిందండీ. ఇక పరీక్షే."

"నర్సమ్మగారు లేకుండా పరీక్షేంటండీ, చెల్లదు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంజను నేనే తిప్పి, నేనే దిగి కారుతోందేమో చూసి, నేనే వెళ్లి ఆపాను. తర్వాత అలవాటుగా పక్కసీట్లోకి ఎక్కి కూర్చున్నాను. మాట్లాడేవాళ్లు లేనప్పుడు పది నిమిషాలు చాలా పెద్దవి.

గేజి తీస్తే ఆయిల్ పై గీతకు కొంచెం కింద ఉంది. నా కొలత తప్పలేదని ఆమెకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆ రోజు ఆమెకు సెలవు.

"బావుందండీ" అంది. తర్వాత, "ఆ వెనకాల బకెట్టేంటి? నీళ్లు ఒక పక్క అంచుదాకా ఉన్నాయి, రెండో పక్క లేవు."

చేతులు కడుక్కోవడానికి పెట్టుకున్న బకెట్ అది. తిరిగి చూశాను.

"వాకిలి ఎత్తు చేయించాను కదా. వాలు."

"అంత వాలులో కారు పెట్టి ఆయిల్ చూస్తున్నారా? రోజంతా కాటా మట్టంగా ఉందా లేదా అని చూసే మనిషి!"

ఆ ర్యాంపును ఆమె ఒక్కసారైనా తొక్కలేదు. నేను దాని మీద ఏడాదిగా నడుస్తున్నాను. మా కారుకు ఆయిల్ దించే బోల్టూ, గేజీ రెండూ ముందువైపే ఉంటాయి. ముక్కు పైకి ఉంటే ఆయిల్ వెనక్కి చేరుతుంది. పాతది పూర్తిగా దిగలేదు, గేజి ఉన్నదానికంటే తక్కువ చూపించింది.

మా చుట్టుపక్కల చదునుగా ఉందని నేను నమ్మే నేల ఒక్కటే, మా కాటా. మెల్లగా నడుపుకుంటూ అక్కడికి వెళ్లాను. మధ్యాహ్నం లారీలు లేవు. ఫోను కాల్‌లోనే ఉంది. కారును కాటా మీద నిలిపి దిగాను.

"కాటా ఎంత చూపిస్తోందండీ?" అని అడిగింది.

"ఎనిమిది వందల అరవై కిలోలు."

"అప్పుడోసారి నన్ను కార్లో కూర్చోబెట్టి తూచారు, ఎంతొచ్చింది?"

"తొమ్మిది వందల ఇరవై."

"మర్చిపోరు కదా! ఆ రోజు ఒళ్లో పెద్ద బ్యాగుందండీ."

పది నిమిషాలు ఆగి గేజి తీశాను. ఆయిల్ పై గీత దాటి, అర అంగుళం పైనే ఉంది.

"డాష్‌బోర్డు అరలో నా మందుల పెట్టె ఉంటుంది. అందులో సెలైన్ పైపు కొత్తదొకటి ఉండాలి. అత్తయ్యకి గంజి ఎక్కించిన పెద్ద సిరంజీ ఉంది. నేనేం పారెయ్యలేదు" అంది.

రెండూ ఉన్నాయి. గేజి తీసిన రంధ్రంలోంచి పైపు దించి, ఫోన్‌ను వైపరుకు ఆనించి, సిరంజి లాగాను.

"మెల్లగా. గాలి లాగకండి. ఆఁ, అలాగే. ఒకటి."

యాభై మిల్లీల సిరంజి. నేను లాగుతుంటే ఆమె లెక్కపెట్టింది. తొమ్మిదయ్యాక గేజి ముంచి చూపిస్తే, ఆపమంది. తొమ్మిది సిరంజిలంటే నాలుగు వందల యాభై. పాత ఆయిల్ అంత మిగిలిపోయిందన్నమాట.

మళ్లీ ఇంజను తిప్పి ఆపాను. మళ్లీ పది నిమిషాలు. ఫోన్‌ను స్టీరింగు సీట్లో నిలబెట్టి నేను పక్కసీట్లో కూర్చున్నాను. హైవే మీద బస్సులు వెళ్తున్నాయి. ఆమె గదిలో ఏసీ చప్పుడు వినిపిస్తోంది.

"లెక్క చూశారా?" అంది.

ఆయిల్ సంగతి కాదని తెలుసు. "చూశాను."

"ఏం తేలింది?"

"ఏం తేల్లేదు. నువ్వు వచ్చెయ్."

ఆమె ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"అమ్మాయి చదువు?"

"దానికి వేరే దారి చూద్దాం. ఇక్కడ ఆసుపత్రులు లేవా?"

"ఉన్నాయి" అంది. ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పది నిమిషాలయింది. వెళ్లి చూడండి."

గేజి తుడిచి, ముంచి, తీసి ఆమెకు చూపించాను. పై గీతకు కొంచెం కింద.

మర్నాడే వెళ్లి, మూడో కాంట్రాక్టు వద్దని ఆసుపత్రిలో చెప్పింది. కాంట్రాక్టు అయ్యేదాకా ఇంకా మూడు నెలలు ఉండాలట. ప్రతి ఆదివారం కారును కాటా మీదికి తీసుకెళ్లి ఆయిల్ చూస్తున్నాను. అంత తరచుగా చూడనక్కర్లేదు. కాటా ఎనిమిది వందల అరవై చూపిస్తోంది, ఆయిల్ గీత దగ్గరే ఉంటోంది. స్టీరింగు సీటును మాత్రం ఆమె కాళ్లు పెడలుకు అందేంత ముందుకు జరిపి పెట్టాను. నేను కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. వెనక్కి జరపలేదు.