డబ్బాలో రష్యా డీజిల్

ఉద్యోగం లేని ఆ రోజుల్లో, మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఎంత గట్టి నమ్మకమో! ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో నేనూ నేల మీద నడిచేదాన్ని కాదు. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో, చలికాలం మధ్యలో, ఒకాయన మానేస్తే లెక్చరర్ పోస్టు ఖాళీ అయింది. డెమో క్లాసు చెప్పమన్నారు. అది రాకపోతే హైదరాబాదు వెళ్ళి హాస్టల్ సాంబారు తింటూ ఉద్యోగం వెతుక్కోవాలి. నాకేమో అమలాపురం దగ్గరే ఉన్న మా ఊరు కొత్తపేట వదలడం సుతరామూ ఇష్టం లేదు. (పైకి మాత్రం "ఎక్కడైనా ఒకటేలెండి" అనేదాన్ని.)

నేను ఎంచుకున్న పాఠం ముడిచమురు. అదే ముడిచమురులోంచి అమెరికా వాళ్ళు కార్ల కోసం పెట్రోలు ఎక్కువ తీసుకుంటారు, మనం లారీలకీ ట్రాక్టర్లకీ డీజిల్ ఎక్కువ తీసుకుంటాం. మంచు దేశాల్లో మామూలు డీజిల్ మైనంలా బిగుసుకుపోతుంది కాబట్టి, వాళ్ళు చలికాలానికి వేరే రకం చేసుకుంటారు. ఈ చివరి ముక్క కళ్ళకు కట్టాలని స్టీలు డబ్బాలో కొబ్బరినూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి రాయిలా బిగిసింది. తడి తువ్వాలు చుట్టి సంచిలో పెట్టి, చీర కట్టుకోవడానికి వెళ్ళాను.

క్లాసులో ప్రిన్సిపాల్ గారు తెల్ల ప్యాంటు వేసుకుని ముందు బెంచీలోనే కూర్చున్నారు. నేను ధాటిగా చెప్పుకుంటూ వెళ్ళి, "రష్యా చలికి లారీ ట్యాంకులో మన డీజిల్ ఇలా ఉంటుంది. బోర్లించినా చుక్క రాలదు" అంటూ లోపలికి చూడకుండానే మూత తీసి, సరిగ్గా ఆయన ముందే డబ్బా బోర్లించాను. కరిగిన నూనె మొత్తం ఆయన ఒళ్ళోనే పడింది.

పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇది... ఇది మన అమలాపురం అండీ. ఇక్కడ డీజిల్ ఇలాగే పారుతుందండీ. అందుకే మనకి ఆ చలిదేశం రకం అక్కర్లేదండీ" అన్నాను.

ఆయన జేబురుమాలుతో ఒత్తుకుంటూ, "అంటే రష్యాలో అయితే నా ప్యాంటు బతికేదంటారు" అన్నారు.

"ఆయ్" అన్నాను. ఇంకేమనను?

ఇంటికి రాగానే, మాతోనే ఉండే మా మేనత్త ఎదురొచ్చింది. "నూనె ఎవరు కరిగించేరు అత్తా?" అని అరిచాను.

"నేనేనే. తలకి రాసుకోడానికి పట్టుకెళ్తున్నావనుకున్నాను. గడ్డకట్టేసుంటే, పిల్లల ముందు డబ్బా గోక్కుంటూ నిలబడతావా అని వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించేను. మళ్ళీ నీ తువ్వాలే చుట్టేను కదే!"

రెండు రోజులు ఆవిడ మీద చిటపటలాడుతూ హైదరాబాదుకి పెట్టె సర్దుకున్నాను. మూడో రోజు కాలేజీ నుంచి ఫోను. "సోమవారం నుంచి వచ్చెయ్యండమ్మా. ఆ పాఠం పిల్లలెవరూ మర్చిపోలేదండీ, మా ఇంట్లో ప్యాంటు ఉతికినావిడా మర్చిపోలేదు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఇప్పటికీ చలికాలం రాగానే ఆ పాఠం చెబుతాను. అన్నీ తెలుసనుకుని ఆ రోజు డబ్బా బోర్లించిన పిల్లకి సగం పాఠం అత్తయ్య చేతిలో ఉందని తెలియలేదు పాపం. ఇప్పుడు రెండు డబ్బాలు పట్టుకెళతాను. పొద్దున్నే నేను ఫ్రిజ్ తలుపు తీసేసరికి, అత్తయ్య అప్పటికే వేణ్ణీళ్ళు కాచి కూర్చుని ఉంటుంది.

"రష్యాది నువ్వు చూసుకోవే, మన అమలాపురానిది నేను చూసుకుంటాను" అంటుంది.