మావయ్యగారి మార్కులు

నేను సంగీతం నేర్చుకోలేదు. గుడివాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పినన్నాళ్లూ ఏటా ధ్వని పాఠం చెప్పాను. ఆ అర్హత మీదే నన్ను అంతర్జాతీయ తెలుగు పాటల పోటీకి జడ్జిని చేశారు. టీవీవాళ్లకి దేశానికొక జడ్జి కావాలట. లండన్, సింగపూర్, కువైట్, మెల్‌బోర్న్. ఇండియా తరఫున మచిలీపట్నం. ఆ పేరు చదివేటప్పుడు యాంకరమ్మాయి ప్రతిసారీ కాస్త తడబడేది.

ఎవరింట్లో వాళ్లం కంప్యూటర్ ముందు కూర్చుని, హైదరాబాదు స్టూడియోలో పాడేవాళ్లని చూసి మార్కులు వెయ్యాలి. అన్నిటికంటే నచ్చిన పాటకి పన్నెండు, తర్వాతదానికి పది, అలా కిందికి. పదకొండు ఏమైందని అడిగాను. అంతర్జాతీయ పద్ధతి అన్నారు. ఇంకేమీ అడగలేదు.

సెమీఫైనల్ ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. పాడినవాళ్లలో నాగాయలంక అవతలి ఊరి అమ్మాయి ఒకతి ఉంది. చర్చి క్వయర్‌లో పెరిగిన గొంతు. గెలిచినవాళ్లని ఫైనల్‌కి లండన్ తీసుకెళ్తారు. ఆ పిల్ల మొదటిసారి విజయవాడ దాటడమే ఈ పోటీ కోసమట. తను పై స్థాయి అందుకున్నప్పుడు నా బల్లమీది గాజుగ్లాసు మోగలేదు. అయినా పన్నెండు వేశాను.

మార్కులు చదవబోయే ముందు గాయకులు జడ్జీలను పలకరించాలి. ఆ అమ్మాయి లండన్ ఆయన్ని సర్ అంది, సింగపూర్ ఆవిడని మేడమ్ అంది. నా వంతు వచ్చేసరికి, తెరమీద ఊరి పేరు చూసిందేమో, మొహం విప్పారింది.

"నమస్కారమండీ మావయ్యగారూ. భోంచేశారా?"

"చేశానమ్మా. నువ్వు తిన్నావా?"

అంతకుముందు ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. మా వైపు తల నెరిసినవాడు కనిపిస్తే మావయ్య. బస్సులో జరిగి చోటిచ్చినా మావయ్యే. దీన్ని మేము చుట్టరికం అనం, పలకరింపు అంటాం.

బ్రేకులో ఫోన్ వచ్చింది. పోటీ పరిశీలకుడు. లండన్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన, చాలా మర్యాదస్తుడు. బంధువులకి మార్కులు వేస్తే ఆ జడ్జి మార్కులన్నీ రద్దని గుర్తుచేశాడు. బంధువు కాదన్నాను. మావయ్య అంటే తల్లి తమ్ముడో అన్నో కదా అన్నాడు. అవునన్నాను. మరి, అన్నాడు. తల్లికి ఏమీ కాని మావయ్యలు మా జిల్లాలో చాలామంది ఉన్నారని వివరించాను. ఆయన టైపు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. నా ఒక్కడి మాట చాలదని చెప్పి, అమ్మాయి తండ్రిని కూడా అదే కాల్‌లో కలిపాడు.

తండ్రి రొయ్యల చెరువు గట్టుమీద ఉన్నాడు. వెనక నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరు. విషయం అర్థమయ్యేసరికి ఆయన గొంతులో భయం దూరింది. ఆ జడ్జిగారు చుట్టం కాదు పక్కం కాదు, ఆయనెవరో మాకు తెలీనే తెలీదు, ప్రభువు సాక్షిగా చెబుతున్నానన్నాడు. అంత గట్టిగా చెప్పాక పరిశీలకుడు కూడా మెత్తబడ్డాడు. థాంక్స్ చెప్పి పెట్టేయబోతున్నాడు. తండ్రి ఊపిరి పీల్చుకుని, ఆ తేలికలో నన్ను కూడా కలుపుకున్నాడు.

"అంతే కదండీ, బావగారూ?"

టైపు చేసే చప్పుడు మళ్లీ మొదలైంది. కూతురికి మావయ్యనైతే తండ్రికి బావనే అవుతాను. ఆయన వరస తప్పలేదు, అదే వచ్చిన చిక్కు. మళ్లీ వివరించాను. ఇంకోసారి వివరించాను. చెప్పేకొద్దీ నా నిజం నాకే అబద్ధంలా వినిపించసాగింది. అలసిపోయి ఊరుకున్నాను.

మచిలీపట్నం మార్కులు రద్దయ్యాయి. అమ్మాయికి కొద్దిలో ఫైనల్ తప్పిపోయింది. తెరమీద జడ్జీలందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పింది. నాకు మాత్రం పెదవి విప్పకుండా దణ్ణం పెట్టింది. పిల్ల జాగ్రత్త నేర్చుకుంది, కాస్త ఆలస్యంగా.

మర్నాడు వాళ్ల నాన్న ఫోన్‌లోంచి చేసింది. ఏడవలేదు, నన్నేమీ అనలేదు.

"ఒక్కటి అడగొచ్చాండీ? మీరెంతేశారు?"

జడ్జీలు చెప్పకూడదని నిబంధన. రద్దయిన మార్కుకి అది వర్తిస్తుందా అని మళ్లీ లండన్‌ని అడిగే ఓపిక నాకు లేదు.

"పన్నెండమ్మా."

అవతల ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఇంట్లో ఎవరికో చెప్పడం వినిపించింది.

"పన్నెండంట."